బండల అవతలి గూడు

పోయిన వారం పెనుకొండలో మా పక్కింటివాళ్ళు మిద్దె మీద ఇంకో గది వేసుకోవడానికి ఇసుక తోలించుకున్నారు. తెల్లవారుతూండగానే ఇద్దరు కూలీలు వచ్చి, వీధిలో జల్లెడ వాలుగా నిలబెట్టి, పారలతో ఇసుక విసరడం మొదలుపెట్టారు. పార ఇసుకలోకి దిగే చప్పుడు, ఒక్క క్షణం ఏమీ వినిపించకపోవడం, ఆ తరువాత ఇసుక విసురుగా వచ్చి పడే చప్పుడు. నేను ఫజర్ నమాజు ముగించి చాప చుట్టబోతున్నదాన్ని, చాప అంచు చేతిలో పట్టుకునే అట్లా కూర్చుండిపోయాను. మా ఆయన టీ తెచ్చి, నా ముఖం చూసి, గ్లాసు పక్కన పెట్టి, "మళ్ళా ఆ సముద్రమేనా?" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు కానీ, అది నన్ను వచ్చి పట్టుకునే వేళ మాత్రం గుర్తుపడతాడు.

ఆ చప్పుడు సముద్ర తాబేలుది. గుడ్లు పెట్టిన గుంటను పూడ్చేటప్పుడు అది ముందరి రెక్కలతో ఇసుకను వెనక్కి విసురుతుంది. విసిరి, అలసి, వయసు మళ్ళిన మనిషిలాగా ఒక నిట్టూర్పు విడిచి, మళ్ళీ విసురుతుంది. బోరులో నీళ్ళు పడితేనే పండగ చేసుకునే మా సీమలో పుట్టిన నాకు ఆ చప్పుడు ఎట్లా తెలిసిందో, తెలిసినది ఇన్నేళ్ళయినా ఎందుకు వదలదో, నా ఈడువాళ్ళకు చెబితే అర్థమవుతుందనే ధైర్యంతో రాస్తున్నాను. మా ఇంటి పిల్లలకు చెప్పబోతే ఫోనులో తాబేళ్ళ వీడియో వెతికి నాకే చూపిస్తారు.

నేను పెరిగింది హిందూపురంలో. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంటి నిండా, అన్నం కంచంలో కూడా, దూది నూగు ఎగురుతూ ఉండేది. ఇంట్లో మాట తెలుగు, బజారులో సగం కన్నడం, నమాజులో అరబ్బీ. నర్సు చదువు అయ్యాక ఒమన్ దేశంలో, సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, మా వీధి ఆడవాళ్ళంతా మా అమ్మను ఓదార్చడానికి వచ్చారు. మా అమ్మ ఏ మాత్రం జంకకుండా, ఖురాను చదివే పిల్ల కదా, ఆ దేశం మాట దానికి వచ్చులే అని అందరికీ ధైర్యం చెప్పి పంపింది. అక్కడికి పోయాక తెలిసింది, నాకు వచ్చింది అక్షరాలే గానీ మాట ఒక్కటీ రాదని.

ఆ ఆసుపత్రిలో తొలిరోజు, నేను ఇంగ్లీషులో నా పేరు చెప్పుకోవడం విని, వార్డు ఆ చివర నుంచి ఒక నర్సు కొంచెం కాలు ఈడ్చుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "యా ఊరు పాపా మీది?" అని అడిగింది. అంత దూరంలో ఆ 'యా' అన్న ఒక్క అక్షరం విని నాకు ఏడుపు ఆగలేదు. ఆమెది ధర్మవరం. హిందూపురంలో రైలెక్కితే పెనుకొండ దాటాక వచ్చే ఊరు. నాకంటే ఐదారేళ్ళు పెద్దది. నేను అక్కా అన్నాను, ఆమె నన్ను చివరిదాకా పాపా అనే పిలిచింది.

వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిందట. మగ్గం గుంటలో కూర్చుని తొక్కడానికి ఆ కాలు పనికిరాలేదు కాబట్టి నర్సునయినానని నవ్వుతూ చెప్పేది. నేల మీద నడిచేటప్పుడు అంతగా తెలిసేది కాదు. ఇసుకలో నడిస్తే మాత్రం కుడికాలి ముద్ర నిండుగా పడి, ఎడమకాలి ముద్ర వెనకాల వేళ్ళు గీసిన చార ఒకటి ఉండేది.

తాబేళ్ళ దగ్గరికి మమ్మల్ని తీసుకుపోయింది ఆ తీరాన్ని కాపలా కాసే ఒక పెద్దాయన. చేప ముల్లు లోతుగా దిగి, చీము పట్టిన పాదంతో ఆయన ఆసుపత్రికి వచ్చాడు. అక్క రోజూ ఓపిగ్గా కట్టు కట్టింది. కాలు నయమయ్యాక ఆయన, వచ్చీరాని హిందీలో, మీరు నాకు మేలు చేశారు, మీకు ఒకటి చూపిస్తాను రండి అన్నాడు. నేను చాచా అనేదాన్ని, నన్ను చూసి అక్కా చాచా అనేది. శుక్రవారం మాకు సెలవు. ఆ శుక్రవారం తెల్లవారుజామున ఆయన పికప్ బండిలో పోయి చూస్తే, వేరుశనగ చేలో ట్రాక్టరు తిరిగినట్టు, సముద్రంలో నుంచి ఒడ్డు మీదికి బారులు బారులుగా జాడలు. ఆ జాడల చివర ఒక పెద్ద తాబేలు, బండెడు బరువున్నట్టుంది, గుంట పూడ్చుకుంటూ నిట్టూరుస్తోంది. అక్క దాని పక్కన, కొంచెం దూరంగా, మోకాళ్ళ మీద కూర్చుంది. కాన్పు గదిలో కూర్చున్నట్టే కూర్చుంది.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం మాకు అదే పని. ఎవరూ చెయ్యమనలేదు, చేసినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఇంకా ఇద్దరు ముగ్గురు బడి టీచర్లు కూడా వచ్చేవారు. కొత్త గూళ్ళు ఎక్కడున్నాయో చూసి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టడం, నక్కలు తవ్వకుండా కంచె అల్లడం, గుడ్లలో నుంచి బయటపడిన పిల్లలు ఊరి దీపాల వెలుగు చూసి దారి తప్పి రోడ్డు వైపు పోతే వాటిని ఏరి మళ్ళీ నీళ్ళ దగ్గర వదలడం. అరచేతిలో పట్టేంత పిల్ల, రెక్కలు కొట్టుకుంటూ, ఎక్కడికి పోవాలో తనకు బాగా తెలిసినట్టు చెయ్యంతా తోస్తుంది. దాన్ని వదిలాక కూడా అరచేతిలో ఆ తోపు చాలాసేపు ఉండేది.

మధ్యాహ్నం తిరిగి వచ్చి ఫోను బూత్ ముందు వరసలో నిలబడేవాళ్ళం. ధర్మవరంలో వాళ్ళమ్మ ఎదురింటి ఫోను దగ్గరికి వచ్చి కాచుకుని ఉండేది. తల్లీకూతుళ్ళిద్దరూ ఫోనులో గట్టిగా అరిచి మాట్లాడేవాళ్ళు కాబట్టి అవతలి మాట కూడా ఇవతలికి తెలిసిపోయేది. ఒకసారి వాళ్ళమ్మ, ఆ తల్లి తాబేలు బిడ్డల్ని చూసుకోకుండా పోవడమేమిటని కోప్పడింది. అక్క నవ్వి, "పోతేనేమిమా, ఆ బిడ్డలు యాడ తిరిగినా, ఎన్నేండ్లు తిరిగినా, పెద్దయినాక పుట్టిన తావుకే వస్తాయంట. చాచా చెప్పినాడు" అంది.  "అయితే సరే" అన్నది వాళ్ళమ్మ, ఎవరో తనకు మాట ఇచ్చినట్టుగా.

నేను వెళ్ళిన మూడో ఏడో నాలుగో ఏడో, సముద్రంలో తుపాను పుట్టిందని రేడియోలో చెప్పారు. అది శుక్రవారం. మధ్యాహ్నానికి ఆకాశం రాగి చెంబు అడుగులాగా నల్లబడింది. చాచా మా క్వార్టర్స్ ముందు బండి ఆపి, నీళ్ళు గూళ్ళ దాకా వస్తే గుడ్లలో పిల్లలు ఊపిరాడక చస్తాయి, కింది వరస గూళ్ళనయినా పైకి మార్చాలి అన్నాడు. టీచర్లున్న వైపు రోడ్డు మూసేశారు. ఉన్నది మేము ముగ్గురమే.

తాబేలు గుడ్డు నిమ్మపండంత ఉంటుంది, మెత్తటి తోలు. పెట్టి కొన్నాళ్ళయిన గుడ్డును కదిలించేటప్పుడు ఏ పక్క పైకి ఉందో ఆ పక్కే పైకి ఉండాలి. తిరగబడితే లోపలి ప్రాణం పోతుంది. అక్క ప్రతి గుడ్డు మీదా పెన్సిలుతో చిన్న గీత గీసి, బక్కెట్లో తడి ఇసుక పరిచి, గీతలన్నీ పైకి ఉండేటట్టు పేర్చి ఇచ్చేది. నేను మోసుకుపోయి, చాచా పైన తవ్విన గుంటల్లో అట్లాగే దించేదాన్ని. గాలికి ఇసుక మొహాన కొట్టి కళ్ళు తెరవలేకపోయేవాళ్ళం. అయినా మాలో ఎవరమూ భయపడలేదు. నిజం చెప్పాలంటే ఆ రోజంత సంతోషంగా నేను మళ్ళీ ఎప్పుడూ పని చెయ్యలేదు.

తీరం దక్షిణం కొసన నల్లబండలు సముద్రంలోకి దిగి ఉండేవి. వాటి అవతల చిన్న ఒడ్డు, అందులో ఒకే ఒక గూడు. ఆ గూడు పెట్టిన తాబేలుకు ఒక వెనక రెక్క సగం తెగి ఉండేది. గుంట తవ్వలేక తవ్వలేక తవ్వుకుంది. అక్క ఆ రోజు దాని పక్కనే చివరిదాకా కూర్చుని చూసింది. ఇప్పుడు చాచా ఆ వైపు చూసి, దాన్ని వదిలేద్దాం, పొద్దు దిగుతోంది అన్నాడు. అక్క అప్పటికే రెండు బక్కెట్లు తీసుకుంది.

"ఇంగ ఒగటే చాచా, ఒగటే మిగిలుండాది," అని తెలుగులోనే ఆయనకు చెప్పింది. నా వైపు తిరిగి, "నువ్వు వీటిని పూడుస్తా ఉండు పాపా. ఇట్ల పొయ్యి అట్ల వస్తా" అంది.

నేను చేతిలో ఉన్న గుడ్లు దించుతున్నాను. దించేటప్పుడు తల ఎత్తకూడదు. తల ఎత్తి చూసేసరికి బండల మీద నురగ తెల్లగా నిలబడి ఉంది. చాచా అరుస్తూ పరుగెత్తాడు, ఆయన వెనక నేను. బండ ఎక్కి చూస్తే అవతల ఒడ్డు లేదు. గూడున్న చోట నీళ్ళు సుడి తిరుగుతున్నాయి. అల అందని ఎత్తులో, బండ నెర్రెలో, ఒక బక్కెట్టు కదలకుండా ఇరికించి ఉంది. దాని మూతికి అక్క చున్నీ బిగించి కట్టి ఉంది. లోపల గీతలన్నీ పైకే ఉన్నాయి. ఒక్క బక్కెట్టుకే గూడు ఖాళీ కాదు. మిగిలిన గుడ్ల కోసం ఆమె మళ్ళీ కిందికి దిగింది.

గాలి తగ్గాక పడవలు వెతికాయి. చేపలు పట్టేవాళ్ళు చాలా రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు.

ఆ బక్కెట్టులోని గుడ్లను నేనూ చాచా ఆ కొసనే మంచి ఎత్తున పూడ్చాం. ఆ తరువాత నేను శుక్రవారం మాత్రమే కాదు, డ్యూటీ లేని ప్రతి తెల్లవారుజామునా పోయేదాన్ని. నెలన్నర పైనే గడిచాక ఒక పొద్దున ఆ ఇసుక సన్నగా కుంగింది. చూస్తూండగానే ఉడుకుతున్న సంకటి మీద బుడగలు లేచినట్టు ఒకటొకటే తలలు లేచాయి. అన్నీ బతకలేదు, చాలానే బతికాయి. అవి బిలబిలమంటూ నీళ్ళ వైపు పోతుంటే నేను పక్కన నడుస్తున్నాను. నాకు ముందర, తడి ఇసుక మీద, అడుగులు కనిపించాయి. కుడికాలి ముద్ర నిండుగా. ఎడమకాలి ముద్ర వెనక వేళ్ళు గీసిన చార.

నేను ఆగిపోయాను. నావి కావు, నేను ఇంకా అంత దూరం పోలేదు. చాచా నా వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. ఆయనా చూశాడు. చాలాసేపు చూసి, తలపాగా సర్దుకుని, తొక్కకు, పక్కన నడువు అని మాత్రం అన్నాడు. ఆ అడుగులు పిల్లలతో పాటు నీళ్ళ దాకా పోయి ఆగాయి. వెనక్కి రాలేదు.

నేను నర్సును. శవాలను కడిగిన చేతులు నావి. కుంటి కాలు ఆ తీరంలో ఇంకొకరికి ఉండకూడదని నియమమేమీ లేదని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను. కానీ ఆ తరువాత కూడా చూశాను. ప్రతిసారీ కాదు, గూడు విరిసిన పొద్దులలో, అదీ ఎప్పుడైనా ఒకసారి. నేను ఆ దేశం వదిలి వచ్చేదాకా చాచా ఆ కొసకు బండి తోలలేదు, నడిచే పోయేవాడు.

ఆ తుపాను తరువాత మొదటి సెలవుకు వచ్చినప్పుడు హిందూపురంలో రెండు రోజులుండి, ప్యాసింజరు ఎక్కి ధర్మవరం పోయాను. కబురు అంతకుముందే ఫోనులో అందింది. అక్క తమ్ముడు స్టేషనుకు వచ్చి, నా సంచి అందుకుని ఇంటికి తీసుకుపోయాడు. ఇంట్లో పెద్దమ్మ, అంటే అక్క తల్లి, రాట్నం ముందు కూర్చుని పట్టు కండెలు చుడుతోంది. నన్ను కూర్చోమంది. నేను జరిగింది చెబుతున్నంతసేపూ రాట్నం ఆపలేదు.

అంతా విని, "కండ్లతో చూసినావా, నీళ్ళలో పోయేది?" అని అడిగింది.

చూడలేదన్నాను.

"మరి పోయిందని యాడ తెలుస్తుంది? పుట్టిన తావుకే వస్తాయంటనే, ఎన్నేండ్లయినా. అదే చెప్పె నాకు." అని నా తల మీద చెయ్యి వేసి, "తిను పాపా, దూరం నుంచి వచ్చినావు" అంది.

కర్మకాండలు చెయ్యనివ్వలేదు. తమ్ముడు బతిమాలాడు, బంధువులు కోప్పడ్డారు. ఆమె ఎవరి మీదా గొంతు ఎత్తలేదు, ఒప్పుకోనూ లేదు. రోజూ తెల్లవారకముందే లేచి, గడప కడిగి, తలుపు బార్లా తెరిచి పెట్టేది. పట్టు నేసే వీధి, ఇంట్లో జరీ సామాను ఉంటుంది, అంత పొద్దున్నే తలుపు తెరవొద్దని అందరూ చెప్పి చెప్పి మానుకున్నారు.

నాకు పెనుకొండలో పెళ్ళయి ఇక్కడే ఉండిపోయాక, పుట్టపర్తిలో పనికి పోయి వస్తూ, వీలు దొరికినప్పుడల్లా ధర్మవరం పోయేదాన్ని. ఎంతో కాలం ఆ అడుగుల మాట చెప్పలేకపోయాను. చెబితే ఆమె గుండె ఆగిపోతుందేమోనని నా భయం. ఒక వేసవి మధ్యాహ్నం, ఎందుకో నాకే తెలియదు, చెప్పేశాను. పెద్దమ్మ చుట్టడం ఆపింది. అంతకాలంలో ఆమె చేతులు ఊరకే ఉండగా చూసింది అప్పుడే.

"ఎడమకాలేనా?"

"ఎడమకాలే పెద్దమ్మా."

"నా బిడ్డే," అంది. ముఖంలో ఏడుపు లేదు. తనలో తాను లెక్క సరిచూసుకున్నట్టు, "ఆడ పని ఇంగా అయినట్ల లేదు. అయినాక వస్తాది" అంది.

ఆ మాట విన్న రోజు నుంచి, ఆ ఇంటి గడప దాటేటప్పుడు నేను కొంచెం పక్కకు జరిగి దాటేదాన్ని.

పోయిన ఏడాది చలికాలంలో పెద్దమ్మ మంచం పట్టింది. నర్సును కదా, నన్ను వచ్చి ఉండమన్నారు. వీధిలో చేతిమగ్గాలు పోయి అన్నీ పవర్‌లూములే. పగలూ రాత్రీ ఒకటే మోత. ఒక పొద్దున, వెలుగు వస్తూండగా, కరెంటు పోయి ఆ మోతంతా ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దానికి పెద్దమ్మ కళ్ళు తెరిచింది. గడప వైపు చూసింది. మనిషిని గుర్తుపట్టిన చూపు అది. నేను ఎంతోమంది రోగుల కళ్ళల్లో ఆ చూపు చూశాను, పొరబడను.

"కోడలా, చెంబుతో నీళ్ళు తేమ్మా. కాళ్ళు కడుక్కోవల్ల, తడిసి వచ్చింది," అంది.

తమ్ముడి భార్య నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆమె చెంబు తెచ్చి గడప దగ్గర పెట్టి వచ్చింది. నాకు ఎవరూ కనబడలేదు. కానీ వీధిలో నుంచి మా వైపు ఒక కాలు వేసి, ఒక కాలు ఈడ్చి, ఎవరో నడిచిన చప్పుడు నేను విన్నాను. కోడలూ విన్నది, ఆ చప్పుడు వచ్చిన వైపే ఆమె తల తిరిగింది. ఆ మాట మేమిద్దరం ఇప్పటికీ ఒకరితో ఒకరు అనుకోలేదు. కరెంటు వచ్చి మోత మళ్ళీ మొదలయ్యేసరికి పెద్దమ్మ పోయింది. ఆ చెంబును సాయంత్రం దాకా ఎవరూ కదిలించలేదు.

తమ్ముడు తల్లికీ అక్కకూ కలిపి కర్మ చేశాడు. చిత్రావతి ఒడ్డున, నన్ను దగ్గరికి పిలిచి, "అక్కా, కడాకు మా అక్కను చూసింది నువ్వే. నువ్వు నీళ్ళు వదల్తే నాకు నిమ్మళం" అన్నాడు. పురోహితుడు క్షణం తటపటాయించి, వదలమ్మా, తప్పేముంది అన్నాడు. దోసిట్లో నీళ్ళు పట్టుకుని అక్క పేరు బయటికి చెప్పాను. అన్నేళ్ళలో ఆ పేరు నేను పలికింది అదే మొదటిసారి. నీళ్ళు జారిపోయాయి. తమ్ముడు చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అతనికి నిమ్మళమే అయింది. నాకు మాత్రం కాలేదు.

రొద్దం నుంచి పోయిన ఒక చుట్టాలమ్మాయి ఇప్పుడు ఆ దేశంలోనే నర్సుగా ఉంది. మొన్న సెలవులో ఆ తీరానికి పోయి నాకు వీడియో కాల్ చేసింది. బస్సులు, హోటలు, వరసగా దీపాలు. నల్లబండలు పగలగొట్టి అక్కడిదాకా రోడ్డు వేశారట. చాచా ఎవరో అక్కడ ఎవరికీ తెలియదు. "యాడ చూపించల్ల చిన్నమ్మా?" అని ఆ పిల్ల ఫోను తిప్పుతూ అడుగుతుంటే, నాకే దిక్కు తెలియలేదు.

ధర్మవరంలో ఆ ఇల్లు కూడా మారింది. తమ్ముడు పాతది పడగొట్టి మేడ కట్టాడు. ముందర ఇనుప గేటు, దానికి తాళం, పక్కన బెల్లు, పైన కెమెరా. అతని తప్పేమీ లేదు, కాలం అట్లాంటిది. ఇప్పుడు ఎవరూ ఎవరికోసమూ తెల్లవారుజామున తలుపు తెరిచి కూర్చోనక్కరలేదు. బస్సు ఎక్కినవాళ్ళు ఏ మలుపులో ఉన్నారో ఫోనే చెబుతుంది. తమ్ముడి పిల్లలు మేనత్తను గోడ మీద ఫోటోలో తప్ప ఎరగరు. దెయ్యాలంటే నాకు ఎన్నడూ భయం లేదు. ఇప్పుడు ఒక్క భయం మాత్రం పట్టుకుంది. ఏదో ఒక పొద్దున అక్క నిజంగానే తడి కాళ్ళతో వచ్చి ఆ గేటు ముందు నిలబడితే, లోపలి పిల్లలు కెమెరాలో చూసి, "ఎవరు కావల్ల?" అని అడుగుతారు.